మా అవ్వ పుట్టినూరు

కోవిల్‌పట్టి నుండి నరికుడి సుమారు 100 కిలోమీటర్లు. పొద్దున చద్ది తిని బయలుదేరి విరుదునగర్‌లో ఒకసారి, అరుప్పుక్కోట్టలో ఒకసారి బస్సు మారితే మధ్యాహ్నపు భోజనం వేళకు అక్కడ దిగవచ్చును. ఇంత దగ్గరి ఊరికి వెళ్ళి రావడానికి మా కుటుంబానికి డెబ్బయి యేండ్లకు పైగా పట్టినది. దారి తెలియక కాదు. వెళ్ళకూడదని.

అది మా అవ్వ పుట్టినూరు. నిజానికి నరికుడికి ఆనుకొని ఉన్న ఒక చిన్న పల్లె అనవలెను గాని, మా వాళ్ళందరికీ అది నరికుడే. మా చిన్నతనంలో ఇంట్లో ఆ పేరెత్తితే తాతకు కోపం వచ్చేది. ఎవడైనా ఇంకొకరి సొత్తు మింగి ఏమీ ఎరుగనట్లు కూర్చుంటే, "వాడు నరికుడి అన్నం తిన్నాడురా" అనేవాడు. ఆ మాట మా అన్నదమ్ముల నోళ్ళలో బాగా నానినది. దాని పుట్టుక తెలియకుండానే, బళ్ళో బలపం దొంగిలించిన పిల్లవాణ్ణి కూడా అదే మాట అనేవాళ్ళము. అవ్వ వింటూ ఉండేది. ఏమీ అనేది కాదు. చేటలో సజ్జలు చెరుగుకొంటూ ఉండేది.

ఇంట్లో చెప్పుకొనే కథ ఇది. అవ్వకు పెండ్లి చేసేటప్పుడు ఆమె నాయన చెరువు కింద ఒకటిన్నర ఎకరా మాగాణి పసుపు కుంకుమల కింద ఇచ్చినాడు. దాని సాగు అవ్వ అన్న చూసేవాడు. ఏటా పొంగలి వెళ్ళిన తరువాత గూడు బండిలో రెండు బస్తాల బియ్యమూ, ఒక కుండ బెల్లమూ మా ఊరికి వచ్చేవి. 1952 పొంగలికి బండి రాలేదు. తాత అడిగితే అవ్వ, "భూమి అన్న తీసుకొన్నాడు, ఇంక రాదు" అన్నదట. తాత మనిషిని పంపినాడు. అవ్వ అన్న ఔననలేదు, కాదనలేదు. వచ్చినవానికి అన్నం పెట్టి పంపినాడట. అంతటితో రాకపోకలు తెగిపోయినవి. తోబుట్టువు భూమి మింగినవానితో మాకేమి చుట్టరికమని తాత కట్టడి చేసినాడు. అవ్వ 1979లో పోయినది. అంతవరకు పుట్టింటి గడప తొక్కలేదు.

అవ్వను గురించి రెండు మాటలు చెప్పవలెను. మా ఊరిది నల్లరేగడి. తమిళులు కరిసల్ అంటారు. వాన పడితే మోకాలి దాకా దిగబడుతుంది, ఎండితే నెర్రెలు విచ్చి చేయి దూరుతుంది. చెరువు లేదు, కాలువ లేదు. ఆకాశం కరుణిస్తే పత్తి, సజ్జ, జొన్న, మిరప. ఈ నేలకు తగిన పైరు ఏదో కనిపెట్టడానికి 1901లోనే కోవిల్‌పట్టిలో వ్యవసాయ పరిశోధనా క్షేత్రం పెట్టినారు. ఇక్కడివాళ్ళకు ఆ రోజుల్లో వరి అన్నమంటే పండుగే. అవ్వ వచ్చినది చెరువు కింద వరి పండే ఊరి నుండి. పదునాలుగేండ్ల పిల్ల సజ్జ సంకటి గొంతు దిగక మొదటి యేడంతా ఏడ్చినదట. ఇది తానే చెప్పి నవ్వేది. తరువాత మా వీధిలో ఆమె కెలికినంత నున్నగా సంకటి కెలికేవాళ్ళు లేరు. రాత్రి మిగిలిన ముద్దను నీళ్ళలో వేసి ఉంచి, పొద్దున చల్ల పోసి పిసికి, ఎర్రగడ్డ ముక్క, వేయించిన చల్ల మిరపకాయ పక్కన పెట్టి ఇచ్చేది. ఇప్పుడు విరుదునగర్ హోటళ్ళలో సజ్జ అంబలిని ఆరోగ్యమని చెప్పి గాజు గ్లాసులో అమ్ముతున్నారు. తాగి చూసినాను. ధర ఒక్కటే బాగున్నది.

ఆమె చెప్పే కథలలో చేప కథ ఒకటి. ద్రవిడ దేశపు రాజు సత్యవ్రతుడు కృతమాల ఏటిలో దిగి దోసిలితో నీళ్ళు విడుస్తుంటే దోసిట్లో ఒక చేపపిల్ల పడుతుంది. చెంబులో వేస్తే చెంబు నిండా పెరుగుతుంది, మడుగులో వేస్తే మడుగు చాలదు, చివరకు సముద్రమే కావలసి వస్తుంది. తాత ఇంట్లో లేకపోతే అవ్వ గొంతు తగ్గించి, "ఆ ఏరు మా ఊరి ఏరే" అనేది. మేము నవ్వేవాళ్ళము; విష్ణుమూర్తి నరికుడికి ఎందుకు వస్తాడని. భాగవతం అష్టమ స్కంధంలో ద్రవిడ దేశము, కృతమాల అని పేర్లతో సహా ఉన్నదని నాకు చాలా ఆలస్యంగా తెలిసినది. మదుర పక్క నుండి బయలుదేరి నరికుడి ప్రాంతం మీదుగా పోయే కిరుదుమాల్ నదినే పూర్వపు కృతమాల అంటారు. అవ్వ గొప్పలు చెప్పుకోలేదన్న మాట.

నేను ఈ వెదుకులాట మొదలుపెట్టినది భక్తితోనూ కాదు, పరిశోధన చేద్దామనీ కాదు. నాలుగేండ్ల కింద మా తమ్ముడి కూతురికి ఒక సంబంధం వచ్చినది. వచ్చినవారిలో ఒక పెద్దాయన వక్క నములుతూ మర్యాదగానే అడిగినాడు: "మీ అవ్వగారి పుట్టింటి పేరేమిటండీ?" మేము ఒకరి మొగం ఒకరు చూసుకొన్నాము. ఎవరికీ తెలియదు. తాత పేరుతో పాటు మరి నాలుగు తరాల మగవాళ్ళ పేర్లు గడగడ చెప్పగలిగిన మా తమ్ముడు కూడా నీళ్ళు నమిలినాడు.

మన కుటుంబాలలో ఇది సామాన్యమే. తమిళసీమలో మన కాగితాల మీద ఇంటిపేరు ఉండదు. పేరుకు ముందు తండ్రి పేరు మొదటి అక్షరం ఉంటుంది, అంతే. బడి పుస్తకంలో, రేషను కార్డులో, పట్టాలో ఎక్కడా ఇంటిపేరు కనబడదు. అది నోటి మీదనే, పెండ్లి మాటలలోనూ, కులదేవత గుడి దగ్గరా మాత్రమే బ్రదికి ఉన్నది. అదైనా మగవాళ్ళది. ఇంటికి వచ్చిన ఆడదాని పుట్టింటి పేరు రెండు తరాలలో మాసిపోతుంది. వింత ఏమంటే మన వలస కథలన్నీ ఆడవాళ్ళ నోటి నుండే వచ్చినవి. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ 1976లో తమిళంలో 'గోపల్ల గ్రామం' నవల ప్రచురించినప్పుడు, తెలుగు దేశం విడిచి వచ్చిన కథను ఒక ముదుసలి అవ్వ చేతనే చెప్పించినాడు. మా ఇంట్లోనూ ఆ కథే: అందమైన పిల్ల, ఆమెను కోరిన ప్రభువు, రాత్రికి రాత్రి దాటిన ఏరు. చరిత్ర చదివినవారు 1529లో విశ్వనాథ నాయకుడు మదురకు వచ్చిన నాటి సంగతులు చెబుతారు, సైన్యాలనీ, పాళెములనీ, బీడు భూములనీ. అదీ నిజమే. కాని మా ఇంటి కథలో ఏరు దాటిన ఆ పిల్లకు పేరు లేదు. అప్పటి నుండీ మాకు ఇదే అలవాటు కాబోలు.

సరే, వెదకవలెననుకొంటే ఎక్కడ వెదకడం? మన పాఠకులలో ఎవరైనా ఈ పనికి దిగితే ఉపయోగపడవచ్చునని చెబుతున్నాను. మొదటి చిక్కు జిల్లా. అవ్వ పుట్టినప్పుడు ఆ పల్లె మదుర జిల్లాలోది. 1910లో రామనాథపురం జిల్లా ఏర్పడినది. 1985లో దానిని మూడు చేసి విరుదునగర్ జిల్లా వేరు చేసినారు. ఇటు మా కోవిల్‌పట్టి తిరునెల్వేలి జిల్లాలో ఉండి, 1986లో తూత్తుకుడి జిల్లాకు వచ్చినది. ఊరు కదలదు, కాగితం మాత్రం కచేరి మారుతూ ఉంటుంది. రెండవ చిక్కు జమీందారీ. 1948 చట్టం వచ్చి జమీలు పోయేవరకు ఆ పల్లెల లెక్కలు జమీ వారివి, సర్కారు రైతువారీ దస్తరాలు కావు. మూడవది కరణాలు. 1980లో ఆ ఉద్యోగాలు తీసివేసినప్పుడు ఇండ్లలో ఉండిపోయిన లెక్కలు కొన్ని అటకెక్కినవి, కొన్ని పొయ్యిలో పడినవి. అవ్వ పుట్టిన యేడు నాకు ఈనాటికీ తెలియదు. 1908 ప్రాంతం కావచ్చును.

నన్ను గట్టెక్కించినది రిజిస్ట్రేషను కచేరి. దస్తావేజులకు అక్కడ రెండు పట్టికలు ఉంటాయి. ఒకటి భూములది, ఒకటి మనుష్యుల పేర్లది. సర్వే నంబరు తెలియకపోయినా ఊరూ, పేరూ, సుమారుగా సంవత్సరమూ తెలిస్తే పేర్ల పట్టికలో వెదికించవచ్చును. మగవాని చాటున కాక ఆడది తన సొంత పేరుతో కనబడే చోటు ఇదొక్కటే ననిపించినది. ఆ పేరు ఇక్కడ వ్రాయను. బ్రదికి ఉండగా పరాయి మగవాళ్ళ ముందు తన పేరు పలకనిచ్చేది కాదు ఆమె. నేను దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, మూడుసార్లు తిరిగినాను. మూడవసారి గుమాస్తా నకలు చేతికిచ్చినాడు.

నేను అనుకొన్నది, అన్న పేరిట ఏదో విడుదల పత్రం ఉంటుందని. అది కాదు. 1951 జూన్ నెల. అమ్మకపు దస్తావేజు. అమ్మినది మా అవ్వ. కొన్నది అదే ఊరి రైతు, మాకు చుట్టం కాని మనిషి. "నా తండ్రి నాకు పసుపు కుంకుమ క్రింద ఇచ్చి నా అనుభవంలో ఉన్న" భూమిని, "నా కుమారుని మేల్చదువు నిమిత్తం" 1,500 రూపాయలకు అమ్ముతున్నానని తమిళంలో వ్రాసి ఉన్నది. పుట్టింటివారు పెండ్లిలో ఇచ్చిన స్త్రీధనం గనుక భర్త సంతకం అక్కరలేదు. కింద మొదటి సాక్షి పేరు చదివి నేను కచేరి బల్ల మీద కూర్చుండిపోయినాను. సాక్షి అవ్వ అన్న.

ఇంకొకటి ఉన్నది. ఆ నాటి నకళ్ళు చేత్తో ఎత్తి వ్రాసినవి. సంతకం బొమ్మ దిగదు. అమ్మినవారి సంతకం చోట అవ్వ పేరు తమిళంలో వ్రాసి, పక్కన గుమాస్తా ఒక ముక్క చేర్చినాడు: తెలుగు కైయొప్పం. అంటే తెలుగులో చేవ్రాలు. మా అవ్వకు చదువు రాదని మేమందరము అనుకొన్నాము. బస్సు మీది పేరు చదవలేక మమ్మల్ని అడిగేది. ఆమెకు రానిది తమిళం. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరం ఎరుగని వాళ్ళము మేము. నేను అక్షరాలు దిద్దుకొన్నది యాభై దాటిన తరువాత. మాలో చదువు లేనివారు ఎవరో ఆ బల్ల మీద కూర్చుని కొంచెంసేపు ఆలోచించినాను.

మాసి నెలలో ఒక శనివారం బయలుదేరినాను. కోవిల్‌పట్టి నుండి విరుదునగర్ వరకు రైలు. మదుర నుండి తూత్తుకుడికి 1876లో వేసిన దారి ఇది. అవ్వ కాపురానికి వచ్చినది బండిలోనా, రైలులోనా అని దారి పొడుగునా ఆలోచన. విరుదునగర్‌ను పాతవాళ్ళు ఇంకా విరుదుపట్టి అంటారు. 1923లో పేరు మారినది. మిరపకాయల ఘాటు, నూనె వాసన స్టేషను దాటగానే పలకరిస్తవి. అక్కడి నుండి మానామదుర పోయే రైలు దారిలో నరికుడి స్టేషను ఉన్నది గాని ఆ దారిలో బండ్లు తక్కువ; బస్సే మేలు. అరుప్పుక్కోట్ట మగ్గాల ఊరు. తరువాత తిరుచ్చుళి, రమణ మహర్షి 1879లో పుట్టిన చోటు. అక్కడ దిగి గుడి చూడవలసినది; నాకు మనసు నిలవలేదు. నల్లనేల ఎక్కడ ముగిసినదో గమనించనే లేదు. తల ఎత్తి చూసేసరికి కిటికీ బయట చెరువు కట్టలు, కోసిన వరి మళ్ళు, వాటి చుట్టూ ఎక్కడ చూసినా సీమ తుమ్మ.

నరికుడి ఇప్పుడు నాలుగు వీధుల బజారు, యూనియన్ ఆఫీసు ఉన్న ఊరు. మరుదు సోదరుల పేరు చెప్పే పాత సత్రం ఇక్కడ ఉన్నది. తెల్లవారు 1801 అక్టోబరు 24న తిరుప్పత్తూరులో ఉరి తీసిన ఆ అన్నదమ్ములు పుట్టిన ముక్కుళం ఇక్కడికి దగ్గరే. రామేశ్వరం పోయే యాత్రికులు ఇటు దిగి, అన్నం తిని పోయేవారని చెబుతారు. ఇంత అన్నం పెట్టిన ఊరి పేరుతో మా తాత తిట్టు కట్టినాడు.

పల్లెకు ఆటోలో పోయినాను. దారిలో ఒక వంతెన దాటుతుంటే ఆటో అబ్బాయి, ఇదే కిరుదుమాల్ అన్నాడు. ఆపమని దిగి చూసినాను. ఇసుక, తుమ్మ చెట్లు, నడుమ గజం వెడల్పున పచ్చటి నీళ్ళు. మదుర పట్టణపు మురుగంతా ఎగువన దీనిలోనే కలుస్తుంది. దోసిలి పట్టబుద్ధి కాలేదు. అయినా చెప్పులు విడిచి ఒక్క క్షణం నిలబడినాను. ఆటో అబ్బాయి ఫోటో తీయాలా సార్ అని అడిగినాడు.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. 'తెలుగు మాట్లాడే ఇల్లు' అంటే చిన్నపిల్ల కూడా చూపించినది. అరుగు మీద ఒక ముసలామె చింతపండు గింజ తీస్తున్నది. ఎనభై ఏడో, ఎనభై ఎనిమిదో ఉంటాయి.

"ఎవురు?"

కోవిల్‌పట్టి నుండి వచ్చినానని చెప్పి, అవ్వ పేరు చెప్పి, ఆమె మనవణ్ణి అన్నాను. ఆమె కత్తిపీట పక్కన పెట్టి నా మొగమే చూస్తూ ఉండిపోయినది. తరువాత, "ఆ ముక్కు మీ నాయనదే. కూచో" అన్నది.

ఆమె అవ్వ అన్న కూతురు. వరుసకు నాకు అత్త. పరమకుడిలో కాపురం చేసి, భర్త పోయిన తరువాత పుట్టింటికి వచ్చినది. ఆమె తమ్ముడి కొడుకు, అంటే నాకు బావ వరుస, ఆయనే ఇప్పుడు ఆ ఇల్లు నడుపుతున్నాడు. ఆయన తమిళం కలిపి మాట్లాడుతాడు. అత్తది మాత్రం అవ్వ మాటే, అదే యాస, 'ఎవురు', 'యాడ', 'వొస్తివా'. నలభై యైదేండ్ల తరువాత ఆ గొంతు విన్నట్లయినది.

నేను నకలు తీసి చదివి వినిపించినాను. అత్తకు అందులో కొత్త ఏమీ లేదు.

"మీ తాత చెడ్డోడేం కాదు. వరసగా వానల్లేని ఏండ్లు. కొడుకు కాడి పట్టుకుంటే చాలనుకొన్యాడు. మదురలో కాలేజీ అంటే మాటలా? అత్త ఒకతే వొచ్చింది, తిరుచ్చుళి గుడికని చెప్పి. మా నాయన కాళ్ళు పట్టుకొనింది. భూమి అమ్మినానని తెలిస్తే ఆ దుడ్డు కరువులో కరిగిపోతాది, పిల్లోడి చదువు నిలిచిపోతాది, నువ్వే తీసుకొన్యావని చెప్తా, నాలుగేండ్లు ఓర్చుకో అన్నా, అనింది."

డబ్బును అవ్వ అన్నే తీసుకొనిపోయి మా నాయన చదివిన హైస్కూలు అయ్యవారి చేతికి ఇచ్చినాడట. మా నాయన జీవితమంతా, ఆ అయ్యవారి ధర్మాన చదివినాను అని చెప్పుకొన్నాడు. ప్రతి పొంగలికి ఆయనకు పంచెల చాపు తీసుకొనిపోయేవాడు. నన్ను కూడా ఒకసారి వెంట తీసుకొనిపోయినాడు. ఆ అయ్యవారు పంచెలు తీసుకొని తల వంచుకొనేవారు. సిగ్గరి మనిషి అనుకొన్నాను.

"చదువైపోయిన తరువాత చెప్పవచ్చును కదత్తా?" అన్నాను.

"చెప్తే మీ తాత మాట ఏం కాను? అప్పటికే ఊరూరా తిట్టి తిరిగినోడు. అందరి ముందూ ఆయన తల వంగదా? మా నాయనే చెప్పొద్దన్యాడు. తిట్టు పడింది నేను, దానికేమి లే, అన్యాడు."

కొంచెం ఆగి, "మీ నాయనకు నన్నే అనుకొనింటిరి, తెలుసునా? మేనరికం. భూమి పాయె, బండి పాయె, మొగుడూ పాయె" అని పండ్లు లేని నోరంతా తెరచి నవ్వినది. బావ, "అత్తా!" అని కసిరినాడు. ఆమె లెక్క చేయలేదు. నాకు మాత్రం ఏమనవలెనో తోచలేదు. ఆ లెక్కన మా అమ్మ మా ఇంటికి వచ్చి ఉండదు, నేనూ ఉండను. ఒకటిన్నర ఎకరాలో ఎన్ని లెక్కలు ఇమిడి ఉన్నవో ఏ దస్తావేజులో వ్రాస్తారు?

అవ్వకు అక్షరాలు ఎట్లా వచ్చినవని అడిగినాను. ముత్తాత అరుగు మీద ఇసుక పరచి దిద్దించినాడట. తరువాత అవ్వ పుట్టింటికి వచ్చినప్పుడల్లా చిన్నపిల్లగా ఉన్న ఈ అత్తకు దిద్దించినది. అట్ట ఊడిన పెద్ద బాలశిక్ష ఒకటి చాలా రోజులు ఇంట్లో ఉండి, చెదలు పట్టి పోయిందట.

"మా నాయన పోయినప్పుడు కార్డు రాసింది నేనే. అయ్యవారి ఇంటికి రాసినాం, ఆయన మీ అవ్వ చేతికిచ్చినాడు. తెలుగులో రాసినా. మీ ఇంట్లో ఆమె తప్ప ఇంకెవరూ చదవలేరని."

అది 1967, మార్గళి నెల అని చెప్పినది.

మార్గళి నెల. నాకు తొమ్మిదేండ్లు. ఒక సాయంత్రం దీపాలు పెట్టే వేళ అవ్వ కట్టిన చీరతోనే పెరటి బావి దగ్గర కూర్చుని నెత్తి మీద కడవ తరువాత కడవ పోసుకొన్నది. మేము దుప్పట్లు కప్పుకొని అరుగు మీద ఉన్నాము. ఏందవ్వా ఇది అని అడిగినాను. "ఎండ కదా నాయనా" అన్నది. మా అమ్మ, ముసలితనాన మతి తప్పుతున్నదని గొణిగినది. తడి చీరతోనే పొయ్యి దగ్గరకు పోయి సంకటి కెలికినది. ఈ సంగతి నాకు ఎందుకు జ్ఞాపకం ఉండిపోయినదో ఇన్నాళ్ళు తెలియలేదు. తోడబుట్టినవాని చావు స్నానం అది. ఏడ్చేటందుకు కూడా ఆమెకు మా ఇంట్లో చోటు లేకపోయినది.

మా నాయనకు ఈ సంగతి తెలిసినదా, లేదా అన్నది మిగిలిపోయిన ప్రశ్న. తెలిసి ఊరుకొన్నాడంటే నాకు కష్టంగా ఉంటుంది. తెలియకనే పోయినాడంటే అంతకన్నా కష్టంగా ఉంటుంది. ఆయన ఎన్నడూ 'నరికుడి అన్నం' అనే మాట వాడినట్లు నాకు జ్ఞాపకం లేదు. అది తెలియడం వల్లనా, స్వభావం చేతనా? దీనికి పట్టికలో వెదికే దారి లేదు.

భోజనానంతరం బావ నన్ను చెరువు కట్ట మీదుగా ఆ పొలానికి తీసుకొనిపోయినాడు. కోత అయిపోయి మోళ్ళు మాత్రం ఉన్నవి. ఒక మూల మినుము చల్లినారు. ఒకటిన్నర ఎకరా చూడడానికి చాలా చిన్నది. కొన్న రైతు మనవడే ఇప్పుడు సాగు చేస్తున్నాడు. సంగతి విని మమ్మల్ని ఇంటికి పిలిచి, ఇనుప పెట్టెలో నుండి మూలపత్రం తీసి చూపించినాడు. తెలుగు తెలియని ఆ ఇంట్లో డెబ్బయి యేండ్లుగా నాలుగు తెలుగు అక్షరాలు భద్రంగా ఉన్నవి. గుండ్రని అక్షరాలు. తొందర లేదు, చేయి వణకలేదు. ద్విత్వం కింది వత్తు మాత్రం కొంచెం పెద్దది. పక్కనే ఆమె అన్న సంతకం, అదీ తెలుగే. ఒకరికొకరు ఒరిగినట్లున్నవి. ఫోటో తీసుకోనిచ్చినాడు, మోరు ఇచ్చినాడు, ఈ సాయబు పొలాన్ని మళ్ళీ అడగడానికి రాలేదు కదా అని తమిళంలో హాస్యమాడినాడు.

ఇంటిపేరు అడగడానికి వచ్చినవాణ్ణి, అది అడగడమే మరచిపోయినాను. బస్సు వేళకు లేచి పాదాలకు మొక్కినప్పుడు జ్ఞాపకం వచ్చి అడిగితే, అత్త ఇంతేనా అన్నట్లు చెప్పినది. చీటీ మీద తెలుగులో వ్రాసుకొన్నాను. ఆమె చీటీ తీసుకొని కంటికి దగ్గరగా పెట్టుకొని, దీర్ఘం తప్పిందని దిద్ది ఇచ్చినది. మా తమ్ముడి కూతురికి మాత్రం ఎప్పుడో వేరే సంబంధం కుదిరి పెండ్లి అయిపోయినది.

చిత్తిరలో కులదేవత పూజకు మా ఊరికి రమ్మని పిలిచినాను. బావ, ఈ వయసులో ఆమె బస్సెక్కలేదని అన్నాడు. అత్త ఆయన మాట వినిపించుకోలేదు.

"మీ పెరట్లో బావి ఉందంట కదా, అత్త చెప్తా ఉండె. ఇంకా ఉందా?"

ఎండిపోయినదత్తా, పిల్లలు పడతారని పైన రాతి బండ వేసినాము, ఇప్పుడు బోరు నీళ్ళే, అన్నాను.

"అయితే ఏమి. చూస్తా" అన్నది.

ఆమెను తీసుకొని రావడానికి కారు మాట్లాడినాము.